పొద్దుగూకితే పోయే గొంతు

గుడి ముందర స్వామిదాసు నోరు తెరిచి నిలబడ్డాడు. సంఘం పెద్ద అబ్రాహాము మునివేళ్ళ మీద లేచి, ఆ నోటి దగ్గర ముక్కు పెట్టాడు.

"ఊదు," అన్నాడు.

స్వామిదాసు ఊదాడు.

"ఇంకింత గట్టిగ."

మళ్ళీ ఊదాడు. అబ్రాహాము ముక్కు నిండా ఎప్పుడూ నశ్యమే. ఇంట్లో పొయ్యి మీద కూర మాడినా ఆయనకు తెలియదు. అయినా వాసన చూసే హక్కు సంఘం పెద్దకే ఉందని అందరూ ఒప్పుకున్నారు. ఆయన ముక్కు తుడుచుకొని, "ఇప్పటికైతే ఏం లేదు. పో, లోపటికి పొయ్యి సదువు," అన్నాడు.

ఎల్లారెడ్డి అంచున ఉన్న ఆ వాడలో నలభై ఇండ్లు. పన్నెండేళ్ళ కింద అందరూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజే కల్లు ముంతలు తెచ్చి, గుడి కట్టబోయే జాగలో పగలగొట్టారు. ఇక మీద తాగినవాడికి సంఘంలో చోటు లేదని మాట అనుకున్నారు. ఆ మాట అందరూ నిలబెట్టుకున్నారని కాదు. తాగేవాళ్ళు చాటుగా తాగి చాటుగా పడుకునేవాళ్ళు. ఉపదేశికి ఆ వీలు లేదు. కూలికి పోయి వచ్చిన జనం ముందు రోజూ దీపాల వేళ నిలబడి గ్రంథం చదివేది స్వామిదాసే. అచ్చు అక్షరం కూడబలుక్కోకుండా చదవగలిగినవాడు ఆ వాడలో అతనొక్కడే. ఆ పుస్తకం చేతిలో ఉన్నందుకు ఊళ్ళోవాళ్ళు కూడా అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. అతని తండ్రిని "ఒరేయ్" అని తప్ప ఎవరూ పిలవలేదు.

ఏడాదిగా ఆ చదువు చెడింది. మొదలుపెట్టినప్పుడు బాగానే ఉండేది. పది పంక్తులు దాటగానే గొంతు ముక్కులోకి పోయేది. మాటలు ఒకదానికొకటి అంటుకునేవి. ఎడమ కంటి రెప్ప వాలేది. ఒక పంక్తి మీద ఇంకో పంక్తి ఎక్కి కూర్చునేది. చివరికి దవడ కింద చెయ్యి ఆనించి నోరు మూసుకోవాల్సి వచ్చేది. చూసేవాళ్ళకు ఇంకేం కావాలి? వాలిన కండ్లు, ముద్ద మాట, నిలవని తల. అట్లాంటి మనుషులను వాళ్ళు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. దానికి వాళ్ళకు తెలిసిన కారణం ఒక్కటే.

ఆ సాయంత్రం కూడా అంతే అయింది. సగం అధ్యాయంలో అతని నోరు వేలాడింది. అబ్రాహాము లేచి పుస్తకం మూశాడు.

"వాసన రాకుంట తాగుడు గుడ నేర్సినవా స్వామిదాసూ?"

వెనక నుంచి ఎవరో నవ్వారు. స్వామిదాసు జవాబు చెప్పాలనుకున్నాడు. నాలుక కదలలేదు. చెప్పలేకపోయినందుకు ఇంకొంచెం నవ్వారు.

మరునాడు గౌండ్ల నర్సింహులు తనంతట తాను వాడకు వచ్చాడు. "ఏమయ్యా అబ్రాహామూ, తాళ్ళు గీసెటోన్ని నేను. నా కల్లు లొట్టి ఎవడు ముట్టిండో నాకు ఎర్క. ఈ మనిషి ముట్టలే," అన్నాడు.

"నీ గిరాకిని నువ్వెట్ల పట్టిస్తవు నర్సింహులన్నా?"

"పట్టియ్యాల్నా? సరే, ఈ వాడల నా గిరాకులందరి పేర్లు వరసగ చెప్త, ఇనుండ్రి."

నలుగురైదుగురు మగవాళ్ళకు అప్పుడే ఏవో పనులు గుర్తొచ్చి లేచారు. అబ్రాహాము ఆ మాట అక్కడికే ఆపించి, "కామారెడ్డి దవాఖానకు పోనియ్యుండ్రి. జబ్బయితే డాక్టరు చిట్టీ రాసిస్తడు. చిట్టీ తెస్తే నేనే కాళ్ళు మొక్కుత," అన్నాడు.

స్వామిదాసుకు ప్రాణం లేచి వచ్చింది. చిట్టీ తెస్తే అయిపోతుంది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బండి మీద ఒక పగలంతా పడుతుంది. బండిలో గడ్డి పరుచుకొని పడుకొని పోయాడు. చీకటి పడుతుండగా దిగి, రైలు స్టేషను దగ్గరి ముసాఫిర్‌ఖానాలో తెల్లవారేదాకా నిద్రపోయాడు. దవాఖానా పొద్దున ఏడింటికి తెరిచి పదింటికి మూస్తారు. డాక్టరు కోస్తా నుంచి వచ్చిన ముసలాయన. నాలుక చాపమన్నాడు, చాపాడు. చెయ్యి పిసకమన్నాడు, పిసికాడు. డాక్టరు చెయ్యి విదిలించుకున్నాడు.

"ఏం జబ్బయ్యా నీకు? గుర్రంలా ఉన్నావు."

"అయ్యా, పొద్దుగూకితే గొంతు పోతది. కండ్లు మూతలు వడ్తయి."

ఆ మాటలు గుడి గంట కొట్టినట్టు గట్టిగా, విడివిడిగా వచ్చాయి. స్వామిదాసుకే సిగ్గేసింది. ఎంత ప్రయత్నించినా ఆ పొద్దున గొంతు చెడలేదు.

"పొద్దుగూకితే అందరికీ కళ్ళు మూతలు పడతాయి. బాగా తిను, బాగా పడుకో." డాక్టరు ఎర్ర మందు సీసా ఇచ్చి, అడిగాడు కదా అని తెలుగులోనే చిట్టీ రాసి చేతిలో పెట్టాడు.

ఆ చిట్టీ వాడకు తెచ్చాక ఒక చిక్కు వచ్చింది. దాన్ని చదవగలిగినవాడు అతనొక్కడే. జనమంతా గుమిగూడారు. స్వామిదాసు కాగితం విప్పాడు. ఏమైనా చదవొచ్చు, అడ్డం చెప్పేవాడు లేడు. భార్య సాలవ్వ అతని మొహమే చూస్తోంది. అతను ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"ఈ మనిషిని పరీక్ష చేసినాను. ఏ జబ్బూ లేదు."

"ఇన్నరా?" అన్నాడు అబ్రాహాము. "జబ్బు లేదట. జబ్బు లేనోని కండ్లు ఎందుకు వాలుతయి? నేనన్నదే డాక్టరు గుడ రాసిండు. క్రిస్మసుకు పాదిరి అయ్యగారు వస్తడు. అప్పటిదాంక టైమిస్తున్న. తాగిన అని ఒప్పుకో, మాన్త అని చెప్పు, పుస్తకం నీ తానే ఉంటది. లేకుంటే ఇడిసిపెట్టు."

ఇంటికి వచ్చాక సాలవ్వ ఆ చిట్టీని చూరులోకి దోపింది. మొదట్లో ఆమె కూడా అనుమానపడింది. అతను నిద్రపోతుంటే నోటి దగ్గర మొహం పెట్టి చూసేది. చూసీ చూసీ మానేసింది. ఇప్పుడు ఆమెకు మొగుడి మీద కాదు, డాక్టరు మీద మండుతోంది.

"బండ్ల పండుకుంట పోతివి. ముసాఫిర్‌ఖానల పండుకుంటివి. పండుకుంటే నీకు మంచిగైతది గద? మంచిగున్న మనిషిని చూపిచ్చుకోని వస్తివి. డాక్టరుకు ఏం కనవడ్తది, నా మొకమా?"

"మరి ఏం చెయ్యమంటవు?"

"ఈసారి నేనొస్త. నిన్ను పండుకోనియ్య. డాక్టరు ముంగట నిలవడేదాంక నోరు మూసినవంటె ఊకోను."

అట్లా రెండోసారి పోయారు. దారి పొడుగునా మాట్లాడించింది. రాత్రి నిద్ర ఆపలేకపోయింది కాని, తెల్లవారకముందే లేపి దవాఖానా వరండాలో కూర్చోబెట్టింది. చేతికి పుస్తకం ఇచ్చింది. స్వామిదాసు గట్టిగా చదవటం మొదలుపెట్టాడు. అప్పటికే అక్కడ పదిమంది రోగులున్నారు. కండ్లలో పువ్వులు పడ్డ ఒక ముసలవ్వ దగ్గరికి జరిగి, "సదువు బిడ్డా, మంచిగున్నది," అన్నది.

కంపౌండరు యాకూబు తాళాల గుత్తితో వచ్చాడు. "ఏయ్, ఇది గుడి గాదు, దవాఖాన. లొల్లి బందు చెయ్యి."

"ఆయన జబ్బు సదివితెనే వస్తదన్నా," అన్నది సాలవ్వ.

"సదివితె వచ్చే జబ్బేంది?"

"గదే మాకు గుడ ఎర్క లేదు. ఎర్కయితె ఇంత దూరం ఎందుకొస్తుంటిమి?"

యాకూబు తలకొట్టుకొని లోపలికి పోయాడు. స్వామిదాసు చదువుతూనే ఉన్నాడు. ఎండ వరండా మెట్టెక్కేసరికి మాట ముక్కులోకి పోయింది. రెప్ప వాలింది. ఏడాదిలో మొదటిసారి అది వాలినందుకు సంతోషపడ్డాడు. ఇంకో అధ్యాయం లాగాడు. తనే విన్నా తనకు అర్థం కాని మాటలు వస్తున్నాయి. పిలుపు వచ్చేసరికి దవడ పూర్తిగా జారింది.

యాకూబు చూసి అదిరిపడ్డాడు. "పొద్దుగాల్నే ఏసిండు! నడువు, బయటికి నడువు," అంటూ భుజం పట్టాడు. సాలవ్వ ఇద్దరినీ కలిపి ఒక్క తోపు తోసింది. ముగ్గురూ డాక్టరు బల్ల ముందు పడ్డారు.

డాక్టరు కోపంగా లేచి, స్వామిదాసు మొహం చూసి ఆగాడు. దగ్గరికి వచ్చి వాసన చూశాడు. ఆయన ముక్కులో నశ్యం లేదు. "పైకి చూడు. రెప్ప కొట్టకుండా దూలం వంక చూస్తూ ఉండు," అన్నాడు. రెండు రెప్పలూ మెల్లగా, తడి గుడ్డ జారినట్టు దిగిపోయాయి. డాక్టరు అతన్ని పక్క గదిలో పడుకోబెట్టించి, ముప్పావు గంట తర్వాత లేపి మాట్లాడమన్నాడు.

"ఇదివరకు వచ్చినోన్నే అయ్యా. జబ్బు లేదని చిట్టీ రాసిస్తిరి," అన్నాడు స్వామిదాసు గట్టిగా, విడివిడిగా.

డాక్టరు బీరువా తెరిచి, రైల్లో నెలల ఆలస్యంగా వచ్చే విలాయతు పత్రికలు కొన్ని కింద పోసుకొని వెతికాడు. ఒకటి దొరికాక నిలబడే చదివాడు. తర్వాత, కోత కోసిన తర్వాత పేగులు కదలని వాళ్ళకని తెప్పించిన మందు బుడ్డి ఒకటి పగలగొట్టి, సూదిలోకి లాగాడు. అప్పటికి స్వామిదాసును మళ్ళీ చదివించి అలసిపోయేలా చేశారు. సూది పడ్డాక అతని కడుపులో మెలిపెట్టింది, నోట్లో నీళ్ళూరాయి. కాసేపటికి రెప్పలు లేచాయి. దవడ తనంతట తాను మూసుకుంది. మధ్యాహ్నం ఎండలో అతని గొంతు పొద్దుటి గొంతులా పలికింది. సాలవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"విను," అన్నాడు డాక్టరు. "కండను కదిలించేది నరం. కాని నరం కండను తాకదు. నడుమ వెంట్రుక కంటే సన్నని సందు. నరం కొసన ఒక చుక్క రసం ఊరుతుంది. ఆ రసమే కండకు కబురు. దాని పేరు ఎసిటైల్ కోలిన్. ఈ సంగతి తేల్చి నాలుగేళ్ళు కూడా కాలేదు. కబురు అందాక ఆ రసాన్ని చెరిపేసే సరుకు ఇంకొకటి అక్కడే ఉంటుంది. నీ ఒంట్లో రసమే చాలడం లేదో, అందేలోపే చెరిగిపోతోందో ఎవరికీ తెలియదు. ఈ మందు ఆ చెరిపేదాన్ని కాసేపు ఆపుతుంది. అంతే."

ఆ పేరు స్వామిదాసు నోటికి పట్టలేదు. సంగతి మాత్రం పట్టింది. అతని తండ్రి వెట్టి చేసేవాడు. పటేలు ఇంటి నుంచి దొర గడీకి చిట్టీలు మోసేవాడు. గడప తాకే వీలు లేదు. చిట్టీ గడప ముందు పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, "దొరా, చిట్టీ" అని అరిచేవాడు. లోపలి నుంచి ఎవరైనా వచ్చి తీసుకుంటే పని అయినట్టు. ఎవరూ రాకముందే వాకిలి ఊడ్చే మనిషి వచ్చి చెత్తతో పాటు దాన్ని ఊడ్చేస్తే, లోపలివాళ్ళకు కబురు అందదు. దెబ్బలు మాత్రం తెచ్చినవాడికే. 'నా నరం గుడ మా బాపు లెక్కనే గడప బయటనే నిలవడ్డదన్నమాట' అనుకున్నాడు. ఈ సూది ఊడ్చే మనిషిని కాసేపు కూర్చోబెడుతోంది.

"ఎంతసేపుంటది అయ్యా?"

"మూడు గంటలు. మహా అయితే నాలుగు."

"అటెన్క?"

"ఆ తర్వాత మళ్ళీ మామూలే."

"మొత్తానికే పొయ్యే మందు లేదా?"

"లేదయ్యా," అన్నాడు డాక్టరు, పత్రిక మడుస్తూ. "ఇది కూడా విలాయతు నుంచి రావాలి. అక్కడ లడాయి మొదలైంది. ఓడలు ఎప్పుడొస్తాయో తెలియదు. మూడు బుడ్లు ఇవ్వగలను."

సాలవ్వకు సూది గుచ్చటం ఒక వంకాయ మీద నేర్పించి, కొత్త చిట్టీ రాసి ఇచ్చి పంపాడు. ఈసారి జబ్బు పేరు, మందు పేరు, తాగుడుతో దీనికి సంబంధం లేదన్న మాట, అన్నీ రాశాడు. స్వామిదాసు బండిలో ఆ కాగితం మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు.

ఆదివారం పొద్దు వాలుతుండగా సాలవ్వ సూది వేసింది. ఇద్దరూ గుడికి పోయారు. అబ్రాహాము వాసన చూశాక స్వామిదాసు పుస్తకం తెరిచి చదివాడు. పది పంక్తులు దాటాయి, ఇరవై దాటాయి. గొంతు చెడలేదు. దీపం చుట్టూ కూర్చున్న జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధ్యాయం మొత్తం అయిపోయింది. ఏడాది తర్వాత ఆ గుడిలో ఒక అధ్యాయం చివరిదాకా వినిపించింది.

అబ్రాహాము కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఆయన లేచి స్వామిదాసును గట్టిగా పట్టుకున్నాడు. ఆ సంతోషం నిజమే.

"సూడుండ్రి! డాక్టరు ఈయన తాగుడు మాన్పిచ్చిండు. గొంతు ఎట్ల తిరిగొచ్చిందో సూడుండ్రి!"

"తాగుడు గాదు పెద్దయ్యా," అన్నాడు స్వామిదాసు. "చిట్టీ ఉన్నది." విప్పి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నరం సంగతి, రసం సంగతి, గడప ముందు చిట్టీ సంగతి తన మాటల్లో చెప్పాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. జనం ఓపికగా విన్నారు.

"అయితే మనసొంటోల్లను రానియ్యని గడప నీ ఒంట్ల గుడ ఉన్నదా?" అన్నది ముందు వరసలోని హన్మవ్వ. అందరూ నవ్వారు. స్వామిదాసుకు కూడా నవ్వొచ్చింది. అది మంచికే అనుకున్నాడు.

అబ్రాహాము నవ్వలేదు. "డాక్టరు ఒక్కడే గద? మొన్న జబ్బు లేదని రాసిండు, ఇయ్యాల ఉన్నదని రాసిండు. ఏది నిజం?"

"ఇదే నిజం. మొన్న నేను పొద్దుగాల పోయిన, ఆయనకు కనవడలే."

"మరి దీంట్ల ఏమున్నదో మాకెట్ల ఎర్కయితది? సదివినోనివి నువ్వే."

"మొన్నటిది సదివింది గుడ నేనే గద! అది నమ్మిండ్రు."

"నీ మీద నువ్వే చెప్పుకుంటె నమ్మకుంట ఎట్లుంట?" అన్నాడు అబ్రాహాము. అందరూ తలలూపారు. అందులో న్యాయం ఉన్నట్టే వాళ్ళకు తోచింది. "పోనియ్యి. అయిందేదో అయింది. గొంతొచ్చింది, గదే చాలు. తాగిన, మానేసిన అని ఒక్కపారి చెప్పు. క్రిస్మసుకు అయ్యగారు రాంగనే నేనే నీ తరఫున మాట్లాడుత. పుస్తకం మీ ఇంట్లనే ఉంటది."

ఆయన మాటలో పగ లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. స్వామిదాసు సాలవ్వ వైపు చూశాడు. ఒప్పుకో అన్నట్టు ఆమె తలాడించింది. గొంతు ఇంకా రెండు గంటలు ఉంటుంది. ఏ మాటైనా స్పష్టంగా పలుకుతుంది. ఆ మాట కూడా పలుకుతుంది.

"నేను తాగలే," అన్నాడు.

"స్వామిదాసూ..."

"తాగలే."

పుస్తకం దీపం పక్కన పెట్టి బయటికి నడిచాడు.

సాలవ్వ వెంటే ఇంటికి నడిచింది. తడిక వేశాక అందుకుంది.

"ఒక్క మాట. ఒక్క అబద్ధం. ఊళ్ళె ఎవడాడడు? అబ్రాహాము ఆడడా? నువ్వు ఆడితే ఆకాశం ఇరిగి పడుతుండెనా?"

"నేను తాగలే గద!"

"నాకు ఎర్క లేదా? అందరికంటె ముందు నాకే ఎర్క. ఎర్క ఉండి ఏం జేసుకుందు? రేపటి సంది నిన్ను మీ బాపును పిలిచినట్టు పిలుస్తరు, ఇను."

"పిలువనియ్యి. లేని తప్పు ఒప్పుకోని పుస్తకం పట్టుకుంటె, రోజు పొద్దుగూకంగనే మల్ల రెప్పలు వాలుతయి. రెండు బుడ్లున్నయి, అటెన్క ఏంది? మల్ల తాగిండంటరు. మల్ల ఒప్పుకోవాల్నా? నెలకోపారి ఒప్పుకోవాల్నా?"

సాలవ్వకు ఇంకా కోపమొచ్చింది. "గిదంత గప్పుడు ఆడనే చెప్పకపోతివి!"

"చెప్పిన! నోరు నొయ్యంగ చెప్పిన. ఇన్నరా? గొంతు లేనప్పుడు ఇనలే, గొంతు ఉన్నప్పుడు ఇనలే. మరి గొంతు ఉండి ఏం లాభం?"

"నా మీద అరుస్తవేంది?"

"ఇంకెవరి మీద అరవాలె?"

ఏడాదిగా సాయంత్రాలు ఆమె ఒక్కతే మాట్లాడేది. అతను చేత్తో దవడ పట్టుకొని వినేవాడు. ఈ రోజు ఒకటికి రెండు అందిస్తున్నాడు. అబ్రాహాము నశ్యం దగ్గర మొదలుపెట్టి, డాక్టరు మొదటి చిట్టీని తిట్టి, విలాయతులో లడాయి తెచ్చినవాళ్ళను తిట్టి, చివరికి ఆమె పుట్టింటి దాకా వచ్చాడు. సాలవ్వ కూడా తగ్గలేదు. పక్కింటివాళ్ళు తడిక మీదుగా తొంగిచూసి, "తాగొచ్చి లొల్లి పెడ్తుండు" అనుకొని పోయారు. ఆ మాట ఇద్దరికీ వినపడింది.

"ఇన్నవా? గందుకనే అంటున్న," అన్నాడు స్వామిదాసు, "మీ అన్న గుడ ఆనాడు..."

ఆ తర్వాతి మాట ముక్కులోకి పోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. ముద్దగా వచ్చింది.

"మా అన్న? మా అన్న ఏం జేసిండు? ఆపినవేంది, చెప్పు!"

అతని ఎడమ రెప్ప వాలింది. తర్వాత కుడిది. నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రావటం లేదు. చేత్తో ఏదో చెప్పబోయి, ఆ చెయ్యి కూడా దించేశాడు.

సాలవ్వ కొంతసేపు నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది. మెడ మీద నరాలు ఇంకా ఉబ్బే ఉన్నాయి. తర్వాత చాప దులిపి పరిచింది.

"పండుకో," అన్నది. "మిగిలింది పొద్దుగాల తిడుదువు."